బండికి పౌడర్ వేసిన భాయ్

చిట్టమూరులో టీ కొట్టు ముందు వ్యాను ఆపితే, కొట్టతను కిటికీలోంచి గ్లాసు చేతికిస్తూ, "పౌడర్ భాయ్ పోయినాడక్కా, నిన్న తెల్లారి" అన్నాడు. నా వెనక పందొమ్మిది మంది ఆడపిల్లలున్నారు. పరీక్ష రోజు. స్టీరింగు చేతిలో ఉన్నంతసేపూ ఏడవకూడదని నాకు నేను పెట్టుకున్న నియమం ఒకటుంది. గూడూరు దాకా ఏడవలేదు. పిల్లల్ని కాలేజీ గేటు దగ్గర దించి, నిమ్మకాయల మార్కెట్టు వెనక నీడ చూసి బండి ఆపి, అప్పుడు ఏడ్చాను. బస్తాలు మోసే ఒకాయన దగ్గరికొచ్చి, "ఏందక్కా, బండి మొరాయించిందా?" అని అడిగాడు. అవునన్నాను. పాపం, తోయడానికి ఇంకో ఇద్దర్ని కేకేశాడు. వాళ్ళకి సర్దిచెప్పి పంపేసరికి నా ఏడుపు ఆగిపోయింది.

భాయ్‌కి చక్కటి పేరే ఉంది. ఆ పేరుతో ఎవరూ పిలవగా నేను వినలేదు. చిట్టమూరు నుంచి పులికాటు సరస్సు ఒడ్డున మా రేవు దాకా అందరికీ ఆయన పౌడర్ భాయే. ఎదురుగా ఆ పేరుతో పిలిస్తే మొహం చిట్లించేవాడు, కానీ పలికేవాడు. పొట్టి మనిషి, వెడల్పాటి భుజాలు, ఒక్కో వేలూ ములక్కాడంత లావు. కళ్ళజోడు ఎప్పుడూ నుదుటి మీదే ఉండేది. అది కళ్ళ మీదికి దిగడం నేను చూడలేదు.

మెకానిక్ షెడ్డులో తెల్లచొక్కా వేసుకునే మనిషి నాకు తెలిసి ఆయనొక్కడే. పొద్దున ఇస్త్రీ చొక్కాతో వచ్చి, సాయంత్రం అదే చొక్కాతో, దాదాపు అంతే తెల్లగా ఇంటికి పోయేవాడు. ఎలా భాయ్ అంటే, "ఆయిలు బండిలో ఉండాల. నా చొక్కా మీదుంటే నాకు పని రాదని అర్థం" అనేవాడు. పక్క షెడ్డు వాళ్ళకి ఈ మాట వినపడేలాగే అనేవాడు. వినయం ఆయన గుణాల్లో లేదు.

బండి తీసుకుని పోయిన మనిషిని ముందు స్టూలు మీద కూర్చోబెట్టేవాడు. బానెట్టు ఎత్తబోతే ఎవరి చేతి మీదైనా సరే టపీమని ఒకటి కొట్టేవాడు. ముందు టీ, తరవాత ప్రశ్నలు. ఈ బండి నీకంటే ముందు ఎవరిది, దీంట్లో ఏం మోసేవాళ్ళు, రాత్రిపూట ఎక్కడ పండుకుంటుంది, సముద్రం గాలి ఏ పక్క నుంచి కొడుతుంది, ఏం తాగించినావు. ఈ చివరి ప్రశ్న దగ్గర అందరూ అబద్ధం చెప్పేవాళ్ళు. నేనూ చెప్పాను, ఆ సంగతి తరవాత.

ఇంకొకటి, క్యాలెండర్లు. జనవరి వచ్చిందంటే ఇల్లిల్లూ తిరిగి పోయిన ఏడాది క్యాలెండర్లు అడిగి తెచ్చుకునేవాడు. దేవుడి బొమ్మలున్నవి మాత్రం వద్దనేవాడు, బండి కింద పరచడానికి ఏ మతానికీ మనసొప్పదు గదా అని. బొమ్మ లేని పెద్ద అంకెల క్యాలెండర్లంటే ఇష్టం. తెల్ల వెనకవైపు పైకి పెట్టి బండి ముందు చక్రాల నడుమ పరిచేవాడు. పూట గడిచాక మెల్లగా లాగి, వెలుతురుకి పట్టుకుని, ఏ చుక్క ఎక్కడ పడిందో చూసేవాడు. వేలితో రుద్ది వాసన చూసేవాడు. నల్లగా ఉంటే ఇంజను, ఎర్రగా పల్చగా ఉంటే స్టీరింగు.

ఒక శుక్రవారం నమాజుకు పోతూ, మసీదు ముందు ఆగి ఉన్న ఎవరిదో కారు కింద కాగితం పరిచిపోయి, వచ్చేటప్పుడు తీసి చూసుకున్నాడట. కారు ఆసామీ వచ్చి, నా బండి కింద నీకేం పని అని కేకలేశాడు. "సీలు పోయింది సార్. నెల్లూరు దాకా పోతాది. తిరిగి మాత్రం రాదు" అన్నాడట ఈయన. ఆ పెద్దమనిషికి ఒళ్ళు మండి నెల్లూరు పోయాడు. తిరిగి రావడం మాత్రం ట్రాక్టరు వెనక, తాడుతో వచ్చాడు. ఈ కథ భాయ్ చెప్పేవాడు కాదు, ఊరంతా చెప్పేది. చెబుతున్నంతసేపూ ఆయన పక్కనే ఉండి, తప్పులుంటే దిద్దేవాడు.

"కారేది ఆయిలు గాదు, కబురు. యాడ్నించి వచ్చిందో అడగాల గానీ, తుడిచి పారేస్తారా?" ఇది ఆయన మాట. రోజుకి నాలుగుసార్లయినా అనేవాడు. మొదట విన్నప్పుడు నాకు విసుగేసింది. నాకు ఏదైనా మొదట విసుగే వేస్తుంది.

ఇక మా పరిచయం సంగతి చెప్పాలి.

మా వ్యాను పాతది. మా ఆయన చిన్నాయన దాంట్లో ఐసు పెట్టెల్లో చేపలు మోసేవాడు. ఆయన మానేశాక మా ఇంటికొచ్చింది. మా ఆయనకు నీళ్ళ మీద ఉన్న నమ్మకం నేల మీద లేదు. పడవ ఎంత గాలిలోనైనా నడుపుతాడు, రోడ్డు మీద సైకిలు ఎక్కినా గుండె దడ. మా నాన్న లారీ డ్రైవరు కాబట్టి నాకు చిన్నప్పుడే నడపడం వచ్చు. అందుకని వ్యాను నేను తీసుకున్నాను. సీట్లు వేయించి, రేవు నుంచి ఆడపిల్లల్ని చిట్టమూరు హైస్కూలుకి, గూడూరు కాలేజీకి తిప్పడం మొదలుపెట్టాను. మా రేవు దాకా బస్సు రాదు. నా వ్యాను లేకముందు ఏడో తరగతి తరవాత మా పిల్లల చదువు చేపలు ఎండబెట్టుకునే చోట ఆగిపోయేది.

ఆటో స్టాండు వాళ్ళకి నన్ను చూస్తే కాలక్షేపం. "అక్కా, స్టీరింగు తిప్పడమంటే రుబ్బురోలు తిప్పడం గాదు" అన్నాడొకడు. నువ్వు రుబ్బురోలు ఎప్పుడైనా తిప్పావా నాయనా అని అడిగితే ఆటో స్టార్టు చేసుకుని పోయాడు. అయితే ఆ ఏడు వానలు వెనకబట్టాక, వాడి మాటే నిజమయ్యేటట్టు కనిపించింది. పవర్ స్టీరింగు ఆయిలు కారిపోవడం మొదలైంది. డబ్బా నిండా పోస్తే నాలుగు రోజులకి అడుగంటేది. ఆయిలు లేకపోతే ఆ బండి స్టీరింగు రాయి. మలుపు దగ్గర రెండు చేతులూ వేసి, సీటులోంచి లేచి, ఒళ్ళంతా వాల్చి తిప్పాలి. తిప్పినప్పుడల్లా లోపల ఏదో మూలిగేది. రాత్రికి భుజాలు ఎత్తలేక అన్నం కలిపి పెట్టమని మా ఆయన్ని అడిగేదాన్ని.

ఒక మెకానిక్ పంపు విప్పి సీళ్ళు మార్చాడు. వారానికి మళ్ళీ కారింది. ఇంకొకతను కింద పడుకుని చూసి, స్టీరింగు బాక్సు కిందే చుక్కలు పడుతున్నాయి, బాక్సు మొత్తం మార్చాల్సిందే అన్నాడు. ఆ బాక్సు ఈ దేశంలో ఇప్పుడు దొరుకుతుందో లేదో కూడా చెప్పలేనన్నాడు.

ఆ తరవాతి శుక్రవారం సాయంత్రం పిల్లల్ని దించడానికి రేవుకి వచ్చాను. రోడ్డు అక్కడితో అయిపోతుంది. బండి అక్కడే తిప్పుకోవాలి. ఒక పక్క పడవలు, ఇంకో పక్క సరస్సు బురద. అప్పట్లో నా బండి ఎక్కే పద్నాలుగు మందీ లోపలే ఉన్నారు. సగం తిరిగాక స్టీరింగు బిగుసుకుంది. నా శక్తికొద్దీ లాగాను. బండి వాలుకి జారి వెనక చక్రం బురదలో కూరుకుపోయి, ఒక పక్కకి ఒరిగింది. పిల్లలు కేకలేస్తూ దూకారు. మోకాళ్ళ దాకా బురద. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అది నా అదృష్టం. మగవాళ్ళంతా వచ్చి వలతాళ్ళు కట్టి బండిని పైకి లాగారు.

మా ఊరి పెద్ద నన్ను పక్కకి పిలిచాడు. వరసకి మామ అవుతాడు. ఆయన పెద్దకూతురు నా వ్యానులోనే కాలేజీకి వస్తుంది.

"నీ మీద కోపం లేదు మే" అన్నాడు. "ఇంకొక్క బారెడు పోయుంటే పిల్లలు నీళ్ళలో ఉండేవాళ్ళు. సోమవారం దాకా చూస్తాం. సోమవారం పొద్దున నువ్వు ఈడ ఒక్క తిప్పుకి బండి తిప్పితే సరే. లేదంటే మొగ డ్రైవరుండే బండి మాట్లాడతాం. అది కుదరకపోతే పిల్లలు ఇంట్లో ఉంటారు. చదివింది చాల్లే. నా చిన్నదాన్ని ఈ భయంతోనే గదా ఏడుతో మాన్పించినాను."

మగ డ్రైవరుండే బండి కుదరదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. అంతకుముందు ఇద్దర్ని అడిగారు. ఆ రోడ్డు మీద రోజూ రెండుసార్లంటే ఇద్దరూ దండం పెట్టారు. అంటే సోమవారం నేను తిప్పలేకపోతే, పద్నాలుగు మంది పుస్తకాలు అటకెక్కుతాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదని వేరే చెప్పక్కర్లేదు.

శనివారం పొద్దున్నే భాయ్ దగ్గరికి పోయాను. అంతకుముందు పోకపోవడానికి కారణం, ఆయనకు కాస్త పిచ్చి అని స్టాండులో చెప్పుకోవడమే. స్టాండులో నా గురించి ఏం చెప్పుకునేవాళ్ళో తెలిసి కూడా ఆ మాట నమ్మాను చూడండి.

"కూర్చో" అన్నాడు.

"కూర్చోడానికి రాలా. బండి చూడు భాయ్."

"బండి యాడికి పోతాది? పోలేకనే గదా వచ్చింది. కూర్చో."

కూర్చున్నాను. ప్రశ్నలు మొదలయ్యాయి. చేపలు మోశారంటే, ఎన్నేళ్ళు అన్నాడు. ఆరేడేళ్ళన్నాను.

"ఐసు కరిగిన నీళ్ళు యాడికి పోయేవి?"

"కిందికి."

"కిందికంటే?"

"నేల మీదికి భాయ్. ఇంకెక్కడికి పోతాయి?"

"నేల మీదికి పోయే దారిలో ఏం తగల్లేదా?" అని తనలో తనే నవ్వుకున్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. సోమవారానికి నా బతుకు తేలాలి, ఈయన ఐసు నీళ్ళ గురించి అడుగుతున్నాడు.

"ఏం తాగించినావు?"

"స్టీరింగు ఆయిలే."

బానెట్టు ఎత్తి, స్టీరింగు ఆయిలు డబ్బా మూత తీసి, వేలు ముంచి, రుద్ది, వాసన చూశాడు. "ఇంకా?" అన్నాడు.

చెప్పక తప్పలేదు. నెల కిందట దారిలో ఆయిలు అయిపోతే, ఒక లారీ అతను తన దగ్గరున్న బ్రేకాయిలు ఇచ్చాడు. ఆయిలు ఆయిలే గదక్కా అన్నాడు. పోశాను. భాయ్ తిట్టలేదు. తిడితే బాగుండేది. "బ్రేకాయిలు తాగితే దీని రబ్బర్లు ఉబ్బుతాయి మా, సోడా ఎక్కువైన బజ్జీల మాదిరి. పంపు సీళ్ళు పోయింది అందుకే. అది నువ్వు చేసిన లీకు, మార్చేసినారు. నువ్వు చెయ్యని లీకు ఇంకోటి ఉంది. నీ లీకు చాటున అది దాక్కుంది" అన్నాడు.

బండి ముందు భాగం జాకీలతో ఎత్తి, చక్రం విప్పి, లోపలి పైపులన్నీ కిరసనాయిలుతో కడిగి, గుడ్డతో పొడిగా తుడిచాడు. అదంతా ఓపిగ్గా చూశాను. అప్పుడు అలమర్లోంచి గులాబీ రంగు పౌడర్ డబ్బా తీశాడు. మొహానికి పూసుకునేదే. దాన్ని నా బండి పైపుల మీద ఫుస్సు ఫుస్సుమని కొట్టడం మొదలుపెట్టాడు. షెడ్డంతా మల్లెపూల వాసన.

స్టూలు మీంచి లేచాను. "ఏం భాయ్, ఆడదాని బండని పౌడరేస్తా ఉండావా? స్టాండులో వాళ్ళు ఎగతాళి చేసేది చాల్లేదా, నువ్వు గూడానా? పెద్దమనిషివని వచ్చినాను."

ఆయన డబ్బా చేతిలో పట్టుకుని అలాగే నన్ను చూశాడు. నేను ఏమన్నానో అర్థం కావడానికి ఆయనకు కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక నవ్వలేదు. "స్టార్టు చెయ్ అమ్మణ్ణీ. కోపం మీదుండావు గదా, అది పనికొస్తాది. స్టీరింగు చివరిదాకా తిప్పి పట్టుకో. నేను చెప్పేదాకా వదలొద్దు" అన్నాడు.

కోపంతోనే తిప్పాను. కోపంతోనే పట్టుకున్నాను. ఆయన టార్చి వేసి, దూరం నుంచే చూస్తున్నాడు. ఇంజను నడిచేటప్పుడు ఆ పైపు దగ్గర వేలు పెట్టకూడదని, లోపలి ఒత్తిడికి ఆయిలు సూదై చర్మంలోకి దిగుతుందని తరవాత చెప్పాడు. "ఆపు. దిగిరా. చూడు" అన్నాడు.

క్యాలెండరు కాగితం మీద ఆయన పక్కనే పడుకుని చూశాను. లోపలంతా తెల్లగా, పొడిగా ఉంది. ఒక్కచోట మాత్రం, పైపుని ఛాసిస్‌కి పట్టి ఉంచే క్లాంపు కింది నుంచి, సన్నగా ఎర్రటి తడిగీత. ఆ గీత ఛాసిస్ అంచు వెంబడి జానెడు పాకి, స్టీరింగు బాక్సు అడుక్కి పోతోంది.

"అద్దో" అన్నాడు భాయ్. "స్టీరింగు చివరికంటా తిప్పితేనే ఊరుతాది. ఊరకుంటే మూసుకుంటాది. బాక్సు కింద పడింది గాబట్టి బాక్సు పోయిందన్నారు. యాడ పడిందో చూసినారు గానీ, యాడ్నించి బయల్దేరిందో అడగలా. ఐసు నీళ్ళు బ్రేకేసినప్పుడల్లా ముందుకి పారి, ఆ క్లాంపు రబ్బరు కింద నిలిచినాయి. ఉప్పు నీళ్ళు ఆరేళ్ళు కూర్చుని తింటే ఏ ఇనుము నిలబడతాది?"

పౌడర్ గురించి క్షమాపణ అడుగుదామనుకున్నాను, అడగలేదు. నాకు క్షమాపణలు చేతకావు. ఆయన ఎదురుచూడనూ లేదు.

అసలు ఇబ్బంది అప్పుడొచ్చింది. ఆ క్లాంపు ఉన్న సందు నాలుగు వేళ్ళ వెడల్పు. భాయ్ చెయ్యి మణికట్టు దాకా కూడా పోలేదు. అటు తిరిగీ ఇటు తిరిగీ చూశాడు, తెల్లచొక్కా చేతికి మరక కూడా అయింది. బాక్సు దించితే తప్ప అందదు, దించి ఎక్కించడానికి మూడు రోజులు కావాలి. నాకున్నది ఒకటిన్నర రోజు. నేను నేల మీద కూలబడ్డాను. ఆయన తన చెయ్యి చూసుకున్నాడు, తరవాత నా చెయ్యి చూశాడు.

"చెయ్యి చాపు."

"ఎందుకు, జాతకం చెప్తావా?"

"జాతకమే" అని అరచేతిలో పదిహేడు నంబరు స్పానరు పెట్టాడు.

నాకు స్పానరు పట్టడం రాదన్నాను. స్టీరింగు పట్టడం పుట్టుకతో వచ్చిందా అన్నాడు. స్టీరింగు తిప్పడానికి చాలదని నలుగురూ నవ్విన చెయ్యి, ఆ సందులోకి మోచేతి దాకా సులువుగా పోయింది.

లోపల ఏమీ కనపడదు. తొంగిచూడబోతే వద్దన్నాడు. "కళ్ళతో పని లేదాడ. కళ్ళు మూసుకో. వేళ్ళకి ఏం తగిలిందో చెప్పు." గరుకుగా ఉందంటే అది క్లాంపన్నాడు. ఆరు మూలలున్నాయంటే, అద్దీ, అదే నట్టన్నాడు. డీజిలు పోసి నానబెట్టి, అరగంటకొకసారి కదిపి, నా వేలి కణుపుల మీద తోలు లేచిపోయి, సాయంత్రం ఎండ పసుపుబారే వేళకి పైపు బయటికి వచ్చింది. క్లాంపు ఉన్నచోట తుప్పు పొరలు కట్టి, గోరుతో గీరితే రాలుతోంది. భాయ్ దాన్ని కాగితంలో చుట్టి, మట్టి తవ్వే పెద్ద యంత్రాలకి పైపులు తయారుచేసే చోటికి గూడూరుకి తానే బస్సెక్కిపోయాడు. ఆ యంత్రాలకి వేసే గట్టి పైపే కొలిచి చేయించుకొచ్చాడు.

ఆదివారం బిగించాను. నేను బిగించాను, ఆయన స్టూలు మీద కూర్చుని నోటితో బిగించాడు. "స్పానరు పక్కన పెట్టు. ముందు వేళ్ళతో మూడు చుట్లు. మర తనంతట తాను పోవాల. మొండికేస్తే వెనక్కి తిప్పి మళ్ళీ పిలువు. బలం చివర్లో చూపిద్దువుగానీ." బ్రేకాయిలు కలిసిన పాత ఆయిలు మూడుసార్లు కడిగి పారబోశాం. కొత్త ఎర్ర ఆయిలు పోసి, ఇంజను ఆపే ఉంచి, ఎత్తిన చక్రాలని ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పుతూ ఉండాలి, డబ్బాలో బుడగలు ఆగేదాకా. నేను తిప్పుతుంటే ఆయన డబ్బాలోకి చూస్తూ కూర్చున్నాడు.

సరిగ్గా అప్పుడే శ్రీహరికోట వైపు నుంచి ఉరుము లేచింది. షెడ్డు రేకులు గడగడలాడాయి. టీ కొట్టు జనమంతా రోడ్డు మీదికి వచ్చి, చేతులు అడ్డం పెట్టుకుని ఆకాశంలోకి చూస్తున్నారు. నేనూ దిగబోయాను.

"యాడికి? తిప్పు" అన్నాడు. "ఇంకా బుడగలొస్తా ఉండాయి."

"రాకెట్టు భాయ్."

"పోనీ. వాళ్ళది పైకి పోవాల, మనది మలుపు తిరగాల. రెండూ కష్టమే."

బుడగలు ఆగాక మళ్ళీ పౌడర్ కొట్టాడు. ఇంజను వేసి, ఆ చివరికి తిప్పి పట్టాను, ఈ చివరికి తిప్పి పట్టాను. స్టీరింగు రెండు వేళ్ళకి తిరిగింది. మూలుగు లేదు. దిగి కిందికి దూరి చూశాను. ఎక్కడి పౌడర్ అక్కడే, తెల్లగా, చుక్క తడి లేకుండా ఉంది. నేను వేసిన కేకకి టీ కొట్టతను పరిగెత్తుకొచ్చాడు. అంత సంతోషం నాకు నా పెళ్ళిలో కూడా కలగలేదు. ఈ మాట మా ఆయనతో చెబితే, తనక్కూడా అంతేనని ఒప్పుకున్నాడు. భాయ్ మాత్రం "ఊఁ, చెయ్యి కడుక్కో, పుండ్లకి పసుపు పెట్టుకో" అన్నాడు. మెచ్చుకోవడమంటే ఆయనకు అంతే.

ఆ తరవాత ఎన్నో ఏళ్ళు ఆ షెడ్డుకి పోయాను. ప్రతిసారీ స్టూలు, టీ, ప్రశ్నలు. సందుల్లో పని పడితే, ఎవరి బండి అయినా సరే, "ఆ వ్యానక్కని పిలవండి" అని కబురుపెట్టేవాడు. పెద్ద పెద్ద లారీల వాళ్ళు నా చెయ్యి కోసం ఎదురుచూస్తూ నిలబడేవాళ్ళు. తను బాగుచేసిన బండిలో మాత్రం ఎప్పుడూ ఎక్కేవాడు కాదు. నడిపి చూసేవాడూ కాదు. బండి కదిలితే వీపు తిప్పి నిలబడి, చప్పుడు వినేవాడు. చూస్తే కళ్ళు మోసం చేస్తాయనేవాడు. ఒక్కసారి ఎక్కు భాయ్, ఇంటి దగ్గర దించుతానని ఎన్నిసార్లు బతిమాలానో. నడిచే పోయేవాడు.

ఆ సోమవారం సంగతి ఇంకా చెప్పలేదు.

పొద్దున ఏడింటికి రేవులో నలభై మంది దాకా చేరారు. పిల్లలు, తండ్రులు, తల్లులు, వలలు బాగుచేసుకునేవాళ్ళు. ఏ పని లేకపోయినా స్టాండు నుంచి రెండు ఆటోలు వచ్చాయి. రెండో ఆటోలోంచి భాయ్ దిగాడు. నేను రమ్మనలేదు. ఊరి పెద్దాయనకి సలాం పెట్టి, పోయి పడవల పక్కన నాకు వీపు పెట్టి నిలబడ్డాడు.

రోడ్డు చివరిదాకా వచ్చాను. బురదలో శుక్రవారం నాటి చక్రం గుంట ఇంకా అలాగే ఉంది. స్టీరింగు కుడికి చివరికంటా తిప్పాను. తిరిగింది. వ్యాను పడవల ముక్కుల్ని తప్పించుకుంటూ, బురద అంచుకి మూరెడు ఇవతలగా, ఎక్కడా ఆగకుండా, వెనక్కి ఒక్క అంగుళం పోకుండా గుండ్రంగా తిరిగి, ఊరివైపు మొహం పెట్టి నిలబడింది. నేను కావాలని మళ్ళీ చివరికి పోయి ఇంకోసారి తిప్పాను. ఈసారి ఒక చెయ్యి కిటికీ మీద పెట్టుకున్నాను. స్టాండు వాళ్ళు చూడాలని.

పెద్దాయన వచ్చి, వంగి, బండి కింద నేలంతా చూశాడు. పొడి ఇసక. లేచి భాయ్‌ని పిలిచాడు.

"గట్టి పనేనా భాయ్?"

"నన్నడుగుతావేంది? నేను పౌడరేసినాను, అంతే. బిగించింది ఆమె" అన్నాడు భాయ్.

"ఎవరు, ఈమేనా?"

"నా చెయ్యి పోలా లోపలికి. నువ్వు మాట్లాడదామనుకున్న మొగ డ్రైవరు చెయ్యి గూడా పోదు. ఆమె చెయ్యి చూడు."

కిటికీలోంచి చెయ్యి చాపాను. కణుపుల మీద చెక్కులు, వాటి మీద పసుపు. పెద్దాయన ఆ చెయ్యిని తన రెండు చేతుల్లోకి తీసుకుని చాలాసేపు చూశాడు. జీవితమంతా తాళ్ళు లాగిన మనిషి, చేతి గాయాలు చదవడం ఆయనకు ఒకరు నేర్పక్కర్లేదు.

"సరే మే" అన్నాడు, నా చెయ్యి వదలకుండానే. "రేపట్నించి మా చిన్నదాన్ని గూడా ఎక్కించుకో."

పిల్లలందరూ ఎక్కి కూర్చున్నారు. తలుపు వెయ్యబోతుంటే భాయ్ అడ్డం చెయ్యి పెట్టి ఆపాడు. ఆయన చూస్తున్న వైపు నేనూ చూశాను. పెద్దాయన ఇంటి దడి దగ్గర పదమూడేళ్ళ పిల్ల. రెండు జడలు, రిబ్బన్లు. భుజాన సంచి. ఆ సంచి ఆ పొద్దున సర్దింది కాదు, ఏడాదిగా సర్దే ఉందని దాని అక్క నాతో తరవాత చెప్పింది.

"రేపంట" అన్నాడు భాయ్, ఆ పిల్లకి వినపడేటట్టు. "ఈ రోజుకి ఏమొచ్చింది?"

పెద్దాయన నోరు తెరిచే లోపలే ఆ పిల్ల చెప్పులు చేత్తో పట్టుకుని, ఇసకలో పరిగెత్తుకుంటూ వచ్చి వ్యాను ఎక్కేసింది.